మూడింట రెండు వంతులు

మళ్ళీ మగవాళ్ళే వచ్చారు. లుంగీతో ఒకరు, బనియన్ మీద తువ్వాలు కప్పుకొని ఒకరు, జుట్టుకు రంగు వేసుకొని అది ఆరేలోపు మీటింగు అయిపోతుందన్న ధీమాతో ఇంకొకరు, అపార్ట్‌మెంటు కింద పార్కింగులో వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు నిండుగా కూర్చున్నారు. బల్ల వెనక కాగితాలు ముందేసుకొని కూర్చున్న రజనికి ఒళ్ళు మండిపోతోంది. వారం రోజులుగా ప్రతి తలుపూ కొట్టింది. ప్రతి గడప ముందూ నిలబడి చెప్పింది, ఇల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే రావాలి, వాళ్ళే సంతకం పెట్టాలి, వేరే ఎవరు పెట్టినా చెల్లదు అని. అందరూ తలలూపారు. అట్లనే అక్కా, గంతేనా అక్కా, గదెంత పని అక్కా అన్నారు. ఊపిన ఆ తలలన్నీ ఇప్పుడు ఇక్కడ కూర్చొని ఫోన్లు చూసుకుంటున్నాయి. ఇళ్ళు ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్ళు మాత్రం పైన నాలుగంతస్తుల్లో ఆదివారం కూర వండుతున్నారు. అల్లం వెల్లుల్లి వేగుతున్న వాసన మెట్ల మీదుగా పార్కింగులోకి దిగి వస్తోంది. వాసన దిగి వచ్చినంత సులువుగా మనుషులు దిగి రాలేరా అనుకుంది రజని. ముందు వరుసలో ఉన్నాయనను, ఇంట్లో ఆమె రాలేదేం అని అడిగితే, "కోడి తెచ్చిన వదినా, కడుగుతున్నది. నేను పెడ్త తీ సంతకం. నేను పెడితే ఒకటి, ఆమె పెడితే ఒకటా?" అన్నాడు. ఒకటి కాదు. ఒకటి కాదనేగా పోయినసారి అందరూ చేతులెత్తి, చప్పట్లు కొట్టి, మిరపకాయ బజ్జీలు తిని, ఏకగ్రీవం అని రాసి రిజిస్ట్రారు ఆఫీసుకు పంపిన కాగితం అట్లాగే తిరిగొచ్చింది! చేయెత్తినవాళ్ళలో యజమానులు ఇద్దరే ఇద్దరని తేలింది. ఒకరు అనురాధ టీచరు, ఇంకొకరు పెళ్ళికాని బ్యాంకు అబ్బాయి.

తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. కట్టేటప్పుడు బిల్డరు అందరికీ ఒకటే మాట చెప్పాడు, ఆడవాళ్ళ పేరు మీద తీసుకోండి, బ్యాంకులో వడ్డీ జర తగ్గుతది, ఇంటికి కలిసొస్తది అని. అందరూ అట్లాగే తీసుకున్నారు. గృహప్రవేశంనాడు పాలు పొంగించినప్పుడు ఇల్లాలి పేరు మీద ఇల్లు అని గొప్పగా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆ కాగితాలు బీరువాలోకి పోయాయి, ఇల్లాలు వంటింట్లోకి పోయింది, మీటింగులకు మాత్రం ఆయన వచ్చాడు. లిఫ్టు రిపేరైనా, గేటుకు రంగైనా ఆయనే చేయెత్తాడు. వాటికైతే వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సరేనంటే చాలు గనక చేయి ఎవరిదని ఎవరూ చూడలేదు. నిబంధన మార్చాలంటేనే వచ్చింది చిక్కంతా. ఆ నిబంధనల పుస్తకాన్ని ఈ అపార్ట్‌మెంటులో మొదటినుంచి చివరిదాకా చదివింది బహుశా రజని ఒక్కతే. చదువుతుంటే ఆమెకు పిచ్చెక్కినంత పనైంది. బిల్డరు ఏ హైదరాబాదు కాలనీదో తెచ్చి పేరు మార్చి అచ్చేయించినట్టున్నాడు. ఈతకొలనులో దిగేవారు తలకు టోపీ పెట్టుకోవాలట. క్లబ్బులో రాత్రి పది దాటాక సంగీతం వినిపించరాదట. రోజు విడిచి రోజు బోరు నీళ్ళొచ్చే సూర్యాపేట అపార్ట్‌మెంటులో ఈతకొలను! ఆ కొలనుకూ క్లబ్బుకూ మధ్య, కుక్కలకు గొలుసులుండాలన్న దాని కింద, పద్దెనిమిదో నిబంధన. మృతదేహాలను ఆవరణలోనికి తీసుకురారాదు. అంతే. ఒక్క ముక్క. రాసినవాడు టీ తాగుతూ రాసి ఉంటాడు.

ఆ ముక్క ఉందని అనురాధ టీచరు భర్త రాందాస్ సారు పోయేదాకా ఎవరికీ తెలియదు. నిరుడు ఎండాకాలం, హైదరాబాదు దవాఖాన నుంచి అంబులెన్సు వచ్చి గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ గేటు తీయబోతుంటే సెక్రటరీ సతీష్ పరుగున వచ్చి, ఒక్క నిమిషం అన్నాడు. ఆ ఒక్క నిమిషం పొద్దు గూకేదాకా సాగింది. సతీష్ చెడ్డవాడు కాదు, అదే రజనికి ఇంకా చిరాకు. చెడ్డవాడైతే తిట్టేసి ఊరుకోవచ్చు. రూల్ రూలే గదా, రేపు ఎవరన్నా కేసేస్తే నా మీదికి వస్తది గదా అని దిగులుగా, నిజంగానే చెమటలు పోసుకుంటూ అన్నాడు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని ప్రహరీ బయట, ట్రాన్స్‌ఫార్మరు పక్కన, చెత్తబండి ఆగే చోట పెట్టారు. ఫ్రీజరు పెట్టెకు కరెంటు కావాలంటే ఎదుటి జిరాక్సు షాపులోంచి వైరు లాగారు. దారిన పోయే ఆటోలు ఆ వైరు మీద నుంచి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు అయ్యో అయ్యో అని అరుస్తూనే ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే షాపుకొచ్చినవాళ్ళు ఆధార్ కార్డు రెండు కాపీలని కేకేశారు. అనురాధ టీచరు ఏడవలేదు. తమ బాల్కనీ వైపు చూస్తూ కూర్చుంది. మొదటి అంతస్తే, చేయి చాస్తే అందేట్టుంది. బాల్కనీలో సారు తువ్వాలు ఇంకా ఆరేసే ఉంది.

ఇప్పుడు అనురాధ టీచరు కుర్చీల చివర ఒక్కతే కూర్చొని ఉంది. అందరికంటే ముందు వచ్చి, మాట్లాడకుండా సంతకం పెట్టి, పోయి అక్కడ కూర్చుంది. ఆమెకు ఇక దీంతో పనేముంది, అయినా వచ్చింది. పని ఉన్నవాళ్ళు రావడం లేదు. పని అందరికీ ఉంది, ఎవరికి ముందో తెలియదు, అంతే గదా! ఈ మాట గట్టిగా అంటే అపశకునం అంటారు. తను రాసిన సవరణలో ఏముంది? అంత్యక్రియల దాకా కింద పార్కింగులో ఒక చోట ఉంచుకోవచ్చు, తర్వాత ఆ చోటు కడిగించాలి. పైకి తీసుకుపోతామని కూడా అనలేదు. దానికి ఒకాయన పిల్లలు జడుసుకుంటారన్నాడు. ఆ పిల్లలే పొద్దస్తమానం ఫోనులో మనుషుల్ని కాల్చుకుంటూ ఆడతారు. ఇంకొకాయన కిరాయికి ఎవరూ రారన్నాడు. మరొకాయన ఫ్లాటు రేటు పడిపోతదన్నాడు. అయినా ఎవరూ కాదనలేదు. అది ఇంకా పెద్ద తమాషా. కాదన్నవాళ్ళయితే వాదించవచ్చు. అందరూ మంచిదే అక్కా, చేయాల్సిందే అక్కా అంటారు, సంతకం దగ్గరికి రాగానే మళ్ళొస్త అంటారు.

రజని కళ్ళు పైకి, మూడో అంతస్తు వైపు పోయాయి. పార్కింగులో కూర్చుంటే సిమెంటు కప్పు తప్ప ఏమీ కనిపించదు, అయినా పోయాయి. అక్కడ అత్తమ్మ నర్సమ్మ మంచం మీద మూడు దిండ్లకు ఆనుకొని ఉంటుంది, పడుకుంటే ఊపిరాడదు కాబట్టి. గుండె నీరసించిందని, కాళ్ళలోకి నీరొచ్చిందని, ఇంక దవాఖానలో పెట్టి లాభం లేదని డాక్టరు ఆమె కొడుకు క్రాంతిని పక్కకు పిలిచి చెప్పాడు. ఇంటికి తీస్కపోండి, ఏది తినబుద్ధయితే అది పెట్టుండ్రి అన్నాడు. ఇంటికి తీసుకొచ్చారు. క్రాంతి ఆ రోజు మొహం కడుక్కునే నెపంతో బాత్రూములో చాలాసేపు ఉండిపోయాడు. బయటికొచ్చి, అమ్మను ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాడ పెడ్తరా రజనీ అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పని మాత్రం రజని మీద పడింది. ఈ ఇంట్లో ఏ మాటైనా ఒకసారి అంటే చాలు, దాని వెనక పరిగెత్తేది రజనే. తుంగతుర్తి పక్క పల్లెలో గొర్రెల మంద వెంట తిరిగిన మనిషి నర్సమ్మ. ఎండలో వానలో తిరిగింది, రాత్రుళ్ళు చేలల్లో మంద నిలిపి అక్కడే పడుకుంది. ఎప్పుడూ బయటే బతికిన మనిషి తన పాడె గురించి ఒకే ఒక్క కోరిక చెప్పింది, అదీ ఎప్పుడో కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. నేను మన ఇంటి ముందలకెల్లే లేవాలె బిడ్డా, ఎవల ఇంటి ముందలనో పండుకోబెట్టకున్రి. రజని ఊఁ అంది. ఊఁ అనేటప్పుడు ఇంత లెక్క ఉంటుందని తెలియదు.

లెక్క ఏమిటంటే, మొత్తం ఇరవై నాలుగు ఇళ్ళు. నిబంధన మార్చాలంటే మొత్తం ఇళ్ళలో మూడింట రెండు వంతులకు, అంటే పదహారు ఇళ్ళకు, యజమానులే స్వయంగా సంతకం పెట్టాలి. వచ్చినవాళ్ళలో కాదు, మొత్తంలో. ఈ ఒక్క తేడా మనుషుల బుర్రకెక్కించడానికి రజని గొంతు పోయింది. వచ్చి కాదన్నా, రాకపోయినా, ఊళ్ళో లేకపోయినా, నిద్రపోతున్నా, నాకేం అభ్యంతరం లేదు అక్కా అని నవ్వుతూ పోయినా, అన్నీ కాదన్న లెక్కే. డిగ్రీలో ఇన్ని పాఠాలు చదివింది గానీ, నోరు తెరవని మనిషి కూడా అడ్డం పడగలడని ఏ పాఠంలోనూ లేదు. పోయినసారిది చెల్లనిదని లెక్కలోకే రాలేదు గనక సరిపోయింది, ఇవాళ పదకొండింటిలోపు పదహారు కాకపోతే ఇదే ప్రతిపాదన మళ్ళీ ఏడాది దాకా పెట్టకూడదు. అదీ ఆ పుస్తకంలోదే. ఏడాది! ఏడాది ఆగగలిగితే ఈ పరుగెందుకు?

ఆ పరుగులో కోదాడ కూడా పోయింది. నాలుగో అంతస్తు ఇల్లు కిరాయికిచ్చి కోదాడలో ఉద్యోగం చేసుకుంటున్న జ్యోత్స్న కోసం. బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఏం మాట్లాడాలో అంతా అనుకుంటూ పోయింది. జ్యోత్స్న మంచి అమ్మాయి. పెసరట్టు పెట్టింది, అల్లం పచ్చడి వేసింది, మీ అత్తగారికి ఎలా ఉందండీ అని కళ్ళు తడి చేసుకుంది. కాగితం తీయగానే, "దానికేముందండీ, మావారినొక మాట అడిగి పెట్టేస్తానండి" అంది.

"ఇల్లు మీ పేరు మీదే ఉంది గదా జ్యోత్స్నా!"

"పేరు నాదేనండీ, ఇల్లు వారిది."

ఆ మాట అంత సహజంగా అంది, పెసరట్టు నాది, పచ్చడి అత్తగారిది అన్నట్టు. రజని చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. వారు క్యాంపులో ఉన్నారు. వారు వచ్చాక ఫోను చేస్తుంది. ఆ ఫోను ఇప్పటికీ రాలేదు. అక్కడినుంచి మిర్యాలగూడ బస్సెక్కింది. నేరేడుచర్ల దగ్గర రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, బస్సు రెండో పక్క ఒదిగి ఒదిగి పోయింది. ఎవరూ సవరణ చేయలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు, సగం రోడ్డు వడ్లది అని అందరూ ఒప్పేసుకున్నారు. ఇంత తేలికగా ఒప్పుకునే జనమే గదా ఈ జిల్లాలో ఉన్నది, మా అపార్ట్‌మెంటుకు రాగానే ఏమొస్తుంది వీళ్ళకు అనుకుంది. మిర్యాలగూడలో తను చదువుకున్న కాలేజీ గేటు ముందునుంచే పోయింది గానీ తలెత్తి చూసే ఓపిక లేకపోయింది. ఆ ఊళ్ళో ఉండే రైసుమిల్లు ఈదయ్యకు ఈ అపార్ట్‌మెంటులో రెండు ఫ్లాట్లున్నాయి, రెండూ భార్య రేణుకమ్మ పేరు మీద. అదృష్టం కొద్దీ ఈదయ్య మిల్లుకు పోయాడు. రేణుకమ్మ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. చెప్పిందంతా విని, "మాకు సూర్యాపేటల ఇల్లున్నదా?" అంది.

"రెండున్నయ్ రేణుకమ్మా, మీ పేరు మీదనే."

"రెండా! ఓరి ఈయన నోట్లె మన్నువొయ్య! చెవుల కమ్మలు మార్పియ్యమంటె పైసల్లేవన్నడు." రేణుకమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఏడ పెట్టాల్నో సూపియ్యి బిడ్డా. ఇంకేమన్న ఉన్నయేమో గుడ సూడు, అన్నిటికి పెడ్త."

రెండు ఇళ్ళకూ రెండు సంతకాలు పెట్టింది, గుండ్రంగా, ముత్యాల్లాగా. ఈ మొత్తం తిరుగుడులో రజనికి దొరికిన సుఖం అదొక్కటే. ఆ రాత్రి మిర్యాలగూడలో ఈదయ్యకు ఏం జరిగి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ పెదాల చివర నవ్వొస్తుంది. వచ్చిందంటే ఎదురుగా ఉన్నవాళ్ళు చూస్తారు. అణుచుకుంది.

ఇప్పటికి నాలుగు సంతకాలు. అనురాధ టీచరు, ఊరికి పోతూ నిన్ననే పెట్టి పోయిన బ్యాంకు అబ్బాయి, రేణుకమ్మవి రెండు. సతీష్ మాటిమాటికీ వాచీ చూస్తున్నాడు. గేటు పక్కన గాలి తగిలే చోట కవరు కప్పి పెట్టిన తన కొత్త కారును మధ్యమధ్యలో చూసుకుంటున్నాడు. వినాయక చవితికి పందిరి వేస్తామన్నా దాన్ని అక్కడినుంచి కదపలేదు. కుర్చీలన్నీ ఒక మూలకే వేశారు, ఎందుకంటే రెండో మూలన మురుగు పైపు కారుతుంది. ఆ పైపుకు మాత్రం ఎప్పుడూ కోరం కుదరదు.

"వదినా, టైము కావస్తున్నది," అన్నాడు సతీష్. "నాకైతే ఏం లేదు, నేను మీకే సపోర్టు. కని రూల్ ప్రకారం..."

"మీ గోపిక ఏది? ఇల్లు ఆమె పేరు మీదనే గదా?"

"ఆమెకు ఇసొంటివి తెల్వయ్ వదినా."

తెలియవు. రెండో వరుసలో కూర్చున్న తన మొగుడు క్రాంతి కూడా ఫోనులోకే చూస్తున్నాడు. చూడడం లేదు, చూస్తున్నట్టు ఉన్నాడు. వేలు కదలడం లేదు. రజని వాచ్‌మన్ చేత అన్ని ఇళ్ళకూ ఫోను చేయించింది. వస్తున్నం, వస్తున్నం, అయిపోవచ్చింది, కుక్కరు దించి వస్తున్నం. ఈ అపార్ట్‌మెంటు ఆడవాళ్ళందరూ ఒకేసారి కిందికి దిగగా తను చూసిందెప్పుడు? జెండా పండుగనాడు కాదు. బతుకమ్మకు దిగుతారు, దానికింకా నెలలున్నాయి. ఇంకెప్పుడు? రజని చూపు గోడ మీద లావుపాటి నీళ్ళ పైపు వెంట పోయి, కింద ఎర్రరంగు చక్రం దగ్గర ఆగింది. మొన్న వేసవిలో ట్యాంకు ఖాళీ అయిననాడు. తలకు సబ్బుతో ఒకామె, చేతిలో బిందెతో ఒకామె, మెట్లు దడదడలాడిస్తూ దిగి వాచ్‌మన్ చుట్టూ చేరి... రజని లేచింది. మంచినీళ్ళు తాగడానికి లేచినట్టు లేచి వాచ్‌మన్ పక్కకు పోయి, మెల్లగా, "వాల్వు బంద్ చేయి" అంది.

"అమ్మా! నన్ను సంపుతరమ్మా!"

"నేను చెప్పిన్నని చెప్పు. తిప్పు ముందు."

తిప్పాడు. రజని వచ్చి బల్ల దగ్గర కూర్చొని పెన్ను మూత తీసి పెట్టుకుంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రెండో అంతస్తులో ఎవరో నల్లాను గట్టిగా తిప్పిన చప్పుడు. తర్వాత ఒక కేక. తర్వాత మూడుచోట్ల తలుపులు. లిఫ్టు పైకి పోయింది. దానికోసం ఆగే ఓపిక లేనివాళ్ళు మెట్ల మీద నుంచే వచ్చారు. పసుపు అంటిన చేతులతో, సగం కడిగిన బియ్యం గిన్నెతో, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, "ఏడున్నడు ఆ వాచ్‌మను? ఆదివారం పూట నీళ్ళు బంద్ చేస్తడా? కోడి మీద ఉప్పు పసుపు రాసిపెట్టిన, దాన్ని ఏంతోటి కడగాలె, మా ఆయన చెమటతోనా?" అంటూ. అన్నామె గోపికే, సెక్రటరీ భార్య. మగవాళ్ళు కుర్చీల్లో సర్దుకొని కూర్చున్నారు. రజని లేచి నిలబడి, గొంతు పెంచకుండా అంది. "నీళ్ళు నేనే ఆపించిన. మీరు ఒక్కొక్కరు ఒక సంతకం పెట్టున్రి, నీళ్ళు ఇడుస్త. చదివి పెట్టున్రి. వద్దనుకుంటె వద్దని చెప్పి పోన్రి, అదైనా నాకు సంతోషమే. కని చెప్పి పోన్రి."

తిడతారనుకుంది. గోపిక కాగితం అందుకొని మసాలా వేలితో గీత వెంట గీత చదివింది. చదివి, చివర కూర్చున్న అనురాధ టీచరు వైపు చూసింది. "ఈ ముచ్చటకా! మా ఆయన ఏందో పెయింటింగ్ మీటింగ్ అన్నడు," అంది. సతీష్ ఏదో అనబోయాడు. "నువ్వుండు," అంది గోపిక, సంతకం పెట్టింది. ఆమె వెనక ఒకామె, ఆమె వెనక ఇంకొకామె. మిగతావాళ్ళు నాకొద్దమ్మా అని మొహం మీదే చెప్పి పోయారు. వాళ్ళ మీద రజనికి కోపం రాలేదు. ఎంతకాలానికి ఒక స్పష్టమైన మాట విన్నది! కాగితం మీద పసుపు మరకలు, కారం మరకలు, ఒకచోట నీటి చుక్క పడి ఇంకు చెదిరింది. చివరామె పెట్టి పోయాక రజని లెక్కపెట్టింది. వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది.

పదిహేను.

జ్యోత్స్నకు ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. చేసినా ఏం లాభం, కోదాడ నుంచి సంతకం గాలిలో రాదు. ఈ పదిహేను దగ్గరే ఆగుతుందని తనకు ఎక్కడో తెలుసు. అందుకే వారం రోజులుగా పదహారో మనిషిని ఊరూరా వెతికింది, ఆ పదహారో మనిషి తన ఇంట్లోనే ఉండగా. వాళ్ళ ఫ్లాటు రజనిది కాదు, క్రాంతిది కాదు. నర్సమ్మ తల్లిగారు ఇచ్చిన భూమి అమ్మి, మంద అమ్మి కొన్న ఇల్లు, నర్సమ్మ పేరు మీదే ఉంది. పోయినసారి రజని ఎత్తిన చేయి కూడా చెల్లలేదు. ఇన్నాళ్ళూ మీ ఆయన కాదు, మీరు పెట్టాలి అని ఇంటింటికీ తిరిగి చెప్పిన మనిషి తన ఇంటి యజమానిని మాత్రం అడగలేదు. ఎట్లా అడుగుతారు? అత్తమ్మా, నువ్వు పోయాక నిన్ను కింద పెట్టుకోవడానికి నువ్వే ఒక సంతకం పెట్టు అని ఏ నోటితో అంటారు? డాక్టరు చెప్పింది ఆమెకు చెప్పలేదు. మందులు వాడితే తగ్గుతుందనే చెప్పారు. ఆమె మందులు మింగుతోంది. ఆమె లేకుండా పదహారు చేయాలనుకుంది, చేయగలననుకుంది. రెండు ఊళ్ళు తిరగడం కంటే మూడంతస్తులు ఎక్కడం కష్టమైంది.

క్రాంతి తలెత్తి చూశాడు. ఆమె మొహంలో చదివినట్టున్నాడు, వద్దు అన్నట్టు తలూపాడు. ఊపుతూనే కళ్ళు దించుకున్నాడు. సరే, నువ్వు వద్దను, నేను పోతాను, అలవాటే గదా. "పదకొండు కాలేదు గదా?" అంది సతీష్‌తో, సమాధానం వినకుండా లిఫ్టు ఎక్కింది. లిఫ్టులో మాటలు వెతుక్కుంది. ఊరికే ఒక కాగితం అత్తమ్మా, అపార్ట్‌మెంటుది. అబద్ధం. నీళ్ళ కోసం. అబద్ధం. ఇంతమందిని చదివి పెట్టున్రి అని ఈమె చేత చదవకుండా పెట్టిస్తుందా? లిఫ్టు తలుపు తెరుచుకుంది.

నర్సమ్మ మంచం మీద లేదు. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చొని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, చెప్పులు తొడుక్కుంది, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. ఆయాసానికి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఎన్నయినయ్?" అంది.

"పదిహేను."

"ఇల్లెవలిది?"

"నీదే అత్తమ్మా."

"మరి నన్ను అడగవా? కోదాడ పోయినవ్, మిర్యాలగూడ పోయినవ్. రెండు బెత్తెల దూరంల ఉన్న, నన్ను అడగవ్." ఊపిరి కోసం ఆగింది. "బాల్కనీల కూసుంటె కింద మీరు మాట్లాడేటియన్ని ఇనొస్తయ్ బిడ్డా. ఆ డాక్టరు మాట గుడ ఇన్న. క్రాంతి గానికి మెల్లగ మాట్లాడుడు ఎన్నడొచ్చింది? పట్టు, లేపు."

లేపింది. ఆ చేయి ఇంత తేలికైందని రజనికి ఇప్పుడే తెలిసింది. కింద లిఫ్టు తలుపు తెరవగానే కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. ఈసారి ఫోన్లు జేబుల్లోకి పోయాయి. క్రాంతి పరుగున వచ్చి తల్లి రెండో చేయి పట్టుకున్నాడు. బల్ల ముందు కూర్చోబెట్టారు. నర్సమ్మ కాగితాన్ని చూసి, "ఏం రాసినవ్ అండ్ల? సదువు," అంది.

రజని చదివింది. మరణించిన నివాసి యొక్క భౌతికకాయమును అంత్యక్రియలు జరుగువరకు... చోటు కడిగించాలన్న ముక్క దాకా చదివింది.

"పీనుగ అని రాస్తె అయిపోవు గదా. గంత పెద్దగ ఎందుకు?" అంది నర్సమ్మ. ఎవరో నవ్వబోయి దగ్గారు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలను ఆమె ఒక్కొక్కటీ దింపింది, మందలో గొర్రెలను దొడ్లోకి తోలినట్టు ఒకదాని వెనక ఒకటి. స దగ్గర చేయి ఆగింది, ఊపిరి తీసుకుంది, కిందికి మ వత్తు కూడా పెట్టింది. సతీష్ వాచీ చూడలేదు. పెన్ను పక్కన పెట్టి నర్సమ్మ కర్ర ఆనించుకొని లేచింది, పార్కింగు అంతా ఒకసారి కలియజూసింది, మంద నిలపడానికి చేను చూసుకునే మనిషి చూపుతో. కర్రెత్తి మూల వైపు చూపించింది. "గాడ వద్దు. పైపు కారుతున్నది." కర్ర మెల్లగా తిరిగి గేటు పక్కకు, గాలి తగిలే చోటుకు వచ్చి, కవరు కప్పిన కారు మీద ఆగింది.

"గీడ మంచిగున్నది," అంది. "సతీషూ, ఆ పొద్దు జర నీ కారు తియ్యాలె బిడ్డా."

సతీష్ మొహం ఎర్రబడింది. జేబులు తడుముకున్నాడు, తాళాలు తీశాడు. "ఇప్పుడే తీస్తనమ్మా," అన్నాడు.

"ఇప్పుడే ఏం తొందర?" అంది నర్సమ్మ, కోడలి భుజం మీద చేయి వేసి లిఫ్టు వైపు తిరుగుతూ. "అందాక ఉండనియ్. ముందుగాల ఆ నీళ్ళిడువున్రి, కోళ్ళు కడగాలె గదా ఆడోళ్ళు."